వాము నూనె నివేదికలో కార్వక్రాల్, అగర్ పళ్ళెంలో పెద్ద వలయం: వీటిని ఎలా అర్థం చేసుకోవాలి?

తుంగభద్ర_తీరం

సభ్యులందరికీ నమస్కారం. నేను సూక్ష్మజీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా కర్నూలు వైపు నల్లరేగడి చేలలో వాము పండిస్తారు కనుక ప్రాజెక్టుకు వాము గింజల సుగంధ తైలాన్నే ఎంచుకున్నాను. కళాశాలలో ఉన్న క్లెవెంజర్ పరికరంలో గింజల పొడిని నీటితో మరిగించి నూనె తీసి, రసాయన విశ్లేషణ కోసం బయటి ప్రయోగశాలకు పంపాను. వారు ఇచ్చిన జీసీ-ఎంఎస్ (మిశ్రమంలోని పదార్థాలను వేరు చేసి, ఒక్కొక్కటి ఏమిటో గుర్తించే పరికరం) నివేదికలో అన్నిటికంటే పెద్ద శిఖరానికి కార్వక్రాల్ అని, తరువాతి రెండింటికి గామా-టెర్పినీన్, పారా-సైమీన్ అని పేర్లు పెట్టారు. అయితే నేను చదివిన పుస్తకాలన్నీ వాములో ప్రధాన పదార్థం థైమాల్ అనే చెబుతున్నాయి. మా ప్రాంతపు వాము నిజంగా వేరే రకమని రాయవచ్చునా?

రెండవ సందేహం బాక్టీరియా పరీక్ష గురించి. బాక్టీరియా పూసిన అగర్ (బాక్టీరియాను పెంచే జెల్) పళ్ళెంలో కాగితపు బిళ్ళపై 10 మైక్రోలీటర్ల నూనె వేసి చూస్తే స్టెఫైలోకాకస్ ఆరియస్ మీద వచ్చిన నిరోధక వలయం (బాక్టీరియా పెరగని ఖాళీ చోటు), పక్కనే పెట్టిన సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ బిళ్ళ వలయం కంటే కొద్దిగానే చిన్నది. ఈ.కోలై మీద అంతకంటే చిన్న వలయం వచ్చింది, సూడోమోనాస్ మీద అసలు రాలేదు. "వాము తైలం సిప్రోఫ్లాక్సాసిన్‌తో దాదాపు సమానంగా పనిచేస్తుంది" అని ముగింపులో రాయవచ్చునని మా తరగతిలో కొందరు అంటున్నారు. పెద్దలు దయచేసి సలహా ఇవ్వగలరు.

పాత_క్రోమటోగ్రాఫర్

మొదటి ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను, రెండవదానికి సూక్ష్మజీవశాస్త్రం తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

కొత్త రకం దొరికిందని అప్పుడే రాయవద్దు. థైమాల్, కార్వక్రాల్ రెండింటి అణుభారం 150, రెండింటిలోనూ అవే పరమాణువులు ఉంటాయి, హైడ్రాక్సిల్ సమూహం అణువులోని కర్బన వలయంలో ఏ కర్బనం మీద కూర్చుందనేదే తేడా. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో రెండూ ఒకే విధంగా విరిగి 135 దగ్గర ప్రధాన శిఖరాన్ని, 150 దగ్గర అణు అయానును ఇస్తాయి. కంప్యూటరులోని వర్ణపట గ్రంథాలయం ఈ రెండింటిలో ఏది ఒక పిసరు ఎక్కువ పోలికగా కనిపిస్తే ఆ పేరును మొదటి వరుసలో అచ్చు వేస్తుంది. ఆ మొదటి పేరును సరిచూడకుండా నివేదికలోకి ఎక్కించడం చాలా చోట్ల జరుగుతున్నదే. కనుక వర్ణపటం ఒక్కదాని ఆధారంగా ఈ రెండింటిని వేరు చేయలేము, పదార్థం జీసీ స్తంభం (పదార్థాలను వేరు చేసే సన్నని గొట్టం) నుంచి బయటకు వచ్చిన సమయాన్ని కూడా చూడాలి. సాధారణ ఆల్కేన్ల మిశ్రమాన్ని అదే పద్ధతిలో నడిపి ధారణ సూచికను (ఆ సమయాన్ని ఆల్కేన్లతో పోల్చి చెప్పే అంకెను) లెక్కకట్టితే, ధ్రువత తక్కువగా ఉన్న డీబీ-5 తరహా స్తంభంపై థైమాల్ సుమారు 1290 దగ్గర, కార్వక్రాల్ సుమారు 1299 దగ్గర వస్తాయి. తేడా చిన్నదే గాని మంచి స్తంభం దానిని స్పష్టంగా చూపుతుంది. శుద్ధమైన థైమాల్‌ను అదే రోజు అదే పరికరంలో నడిపి పోల్చగలిగితే సందేహానికి తావే ఉండదు. మీ నివేదికలో ధారణ సూచికల వరుస ఉన్నదా? లేకపోతే ఆ ప్రయోగశాలను అడిగి తెప్పించుకోండి, అది మీ హక్కు.

ఖర్చు లేని పరీక్ష కూడా ఒకటి ఉంది. థైమాల్ సుమారు 50 డిగ్రీల దగ్గర కరిగే ఘనపదార్థం, కార్వక్రాల్ గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవం. నూనెను చిన్న సీసాలో పోసి ఒక రాత్రి శీతల పెట్టెలో ఉంచితే, థైమాల్ తగినంత ఉన్న వాము నూనెలో తెల్లని పెద్ద స్ఫటికాలు కడతాయి. మన పచారీ కొట్లలో వాము పువ్వు పేరుతో అమ్మేది ఈ పదార్థమే.

ఇంకొక మాట. గింజల బరువులో ఎంత శాతం నూనె వచ్చిందో మీరు చెప్పలేదు. వాములో సాధారణంగా 2 నుంచి 4 శాతం వరకు వస్తుంది. అంతకంటే బాగా తక్కువ వస్తే గింజ పాతదైనా కావాలి, పొడి చేసి చాలా సేపు తెరిచి ఉంచినదైనా కావాలి. అటువంటప్పుడు తేలికగా ఆవిరయ్యే గామా-టెర్పినీన్ ముందుగా తగ్గి, మిగిలిన వాటి శాతాలు కృత్రిమంగా పెరుగుతాయి.

అగర్_పళ్ళెం

రెండవ ప్రశ్న ఈ రంగంలో వెలువడే వ్యాసాలలో చాలావాటికి వర్తిస్తుంది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ముందు లెక్క చూడండి. వాము నూనె సాంద్రత సుమారు 0.92 కనుక 10 మైక్రోలీటర్లంటే సుమారు 9 మిల్లీగ్రాములు, అంటే 9000 మైక్రోగ్రాములు. ప్రమాణంగా వాడే సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ళలో ఉండేది 5 మైక్రోగ్రాములు మాత్రమే. 1800 రెట్లు ఎక్కువ బరువు వేసి, అయినా కొంచెం చిన్న వలయం వచ్చిందని గమనించిన తరువాత ఆ రెండూ దాదాపు సమానమని ఎలా రాయగలము? సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ళ వలయం ఎంత ఉంటే బాక్టీరియా లొంగినట్టు, ఎంత ఉంటే లొంగనట్టు అనే హద్దులను ఆ మందు రోగి రక్తంలో ఎంత స్థాయికి చేరుతుంది, చికిత్స ఎంతమందికి పనిచేసింది అనే సమాచారంతో కలిపి నిర్ణయించారు. వాము తైలానికి అటువంటి ఆధారం ఏదీ లేదు కనుక మిల్లీమీటర్లను పక్కపక్కన పెట్టి పోల్చడం అర్థం లేని పని.

పైగా నూనె, అగర్ ఒకదానితో ఒకటి కలిసేవి కావు. అగర్ జెల్‌లో ఎక్కువ భాగం నీరు. అందులో కాస్త కరిగే థైమాల్ కొంత దూరం పాకుతుంది, నీటిలో దాదాపు కరగని టెర్పీన్లు బిళ్ళ దగ్గరే నిలిచిపోతాయి. మరికొంత భాగం మూత కింద ఆవిరై పళ్ళెమంతా వ్యాపించి, బిళ్ళకు దూరంగా ఉన్న బాక్టీరియాను కూడా బలహీనపరుస్తుంది. కాబట్టి వలయం పరిమాణం నూనె శక్తిని మాత్రమే చెప్పడం లేదు, ఆ నూనెలోని పదార్థాలు ఎంత కరుగుతాయి, ఎంత ఆవిరవుతాయి, అగర్ ఎంత మందంగా పోశారు అనేవన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. ఏ నూనె పనికివస్తుందో తొలి వడపోతగా చూడడానికి బిళ్ళ పద్ధతి చాలును గాని, రెండు నూనెలలో ఏది బలమైనదో దానితో తేల్చకూడదు.

మీరు చేయవలసినది ద్రవ మాధ్యమంలో కనిష్ఠ నిరోధక సాంద్రతను కనుగొనడం. 96 గుంటల పలకలో నూనెను సగం సగం పలుచన చేస్తూ పోయి, బాక్టీరియా పెరగని అతి తక్కువ సాంద్రతను గుర్తించాలి. ఇందులో ఇబ్బంది నూనె నీటిలో కలవకపోవడం. దానిని కలపడానికి చాలామంది ట్వీన్ 80 గాని డైమిథైల్ సల్ఫాక్సైడ్ గాని వాడతారు. ట్వీన్ మోతాదు పెరిగితే నూనెను తనలో బంధించి బాక్టీరియాకు అందకుండా చేస్తుంది కనుక ఎంత తక్కువలో పని జరిగితే అంత మంచిది. ద్రవ మాధ్యమంలో 0.15 శాతం అగర్ కలిపి నూనె బిందువులు తేలిపోకుండా నిలిపే పద్ధతి కూడా ఉంది. నూనె లేకుండా ట్వీన్ మాత్రమే ఉన్న గుంటలను తప్పనిసరిగా పక్కన నడపాలి. పలకను ఆవిరి బయటకు పోని పొరతో మూయాలి. లేకపోతే ఎక్కువ సాంద్రత ఉన్న గుంటల నుంచి ఆవిరి పక్క గుంటలలోకి చేరి అక్కడ కూడా పెరుగుదల ఆపుతుంది, మీ అంకె ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. వ్యాసాన్ని సమీక్షించేవారు దీనిని పట్టుకుంటే వ్యాసం మొత్తం వెనక్కి వస్తుంది.

బాక్టీరియా ఏ వంగడమో కూడా రాయండి. ఆసుపత్రి నుంచి తెచ్చిన గుర్తు తెలియని వంగడం మీద చేసిన పనిని మరొకరు సరిచూడలేరు. చండీగఢ్‌లోని ఎంటీసీసీ భాండాగారం నుంచి సంఖ్య ఉన్న వంగడాలను తెప్పించుకోవచ్చును.

సూడోమోనాస్ మీద వలయం రాకపోవడం మీ ప్రయోగంలోని లోపం కాదు, ఎదురుచూడవలసిన ఫలితమే. ఈ.కోలై, సూడోమోనాస్ వంటి గ్రామ్ నెగటివ్ బాక్టీరియాకు బయట లైపోపాలీశాకరైడ్‌తో కూడిన మరొక పొర ఉంటుంది, నీటికి దూరంగా ఉండే అణువులను అది అడ్డుకుంటుంది. సూడోమోనాస్ ఎరుజినోసాకు ఆ పొర మరింత బిగువుగా ఉండడమే గాక, లోపలికి వచ్చినదానిని బయటకు తోసే పంపులు కూడా బలంగా ఉంటాయి.

వనౌషధి

నేను ఆయుర్వేద వైద్యుణ్ణి. అగర్_పళ్ళెం గారు చెప్పిన లెక్కతో నాకు పేచీ లేదు. కాని చర్చ అంతా ఒక్క థైమాల్ చుట్టూ తిరుగుతున్నది. గింజలో ఉన్నవన్నీ కలిసి పనిచేస్తాయని, ఒక పదార్థాన్ని వేరు చేసి కొలిస్తే ఆ గుణం పూర్తిగా కనబడదని మా అనుభవం. దీనికి ప్రయోగశాల ఆధారం ఏమైనా ఉన్నదా, లేక ఇది మా నమ్మకమేనా?

మరొక విషయం. వాము పువ్వు, పుదీనా పువ్వు, కర్పూరం సమంగా కలిపితే మూడు గట్టి పదార్థాలూ ద్రవంగా మారి అమృతధార తయారవుతుంది. దీనిని తరతరాలుగా వాడుతున్నాము. ఇందులోనూ బాక్టీరియాను చంపే గుణం థైమాల్‌దేనా?

అగర్_పళ్ళెం

వనౌషధి గారు, మీ మాటకు కొంత ఆధారం ఉంది. కార్వక్రాల్ మీద బాసిల్లస్ సీరియస్‌తో నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధన దీనికి మంచి ఉదాహరణ. ఫినాల్ స్వభావం గల ఈ అణువు కణపొరలో దూరి, హైడ్రాక్సిల్ సమూహం సాయంతో ప్రోటాన్లను పొర దాటించి, లోపలి పొటాషియంను బయటకు కారిపోయేటట్లు చేస్తుంది. కణం శక్తి తయారుచేసుకోలేక చతికిలబడుతుంది. హైడ్రాక్సిల్ లేని పారా-సైమీన్‌కు ఆ శక్తి చాలా తక్కువ. కాని పారా-సైమీన్ కణపొరలో చేరి దానిని ఉబ్బించగలదు, ఆ ఉబ్బిన పొరలోకి కార్వక్రాల్ తేలికగా వెళ్ళిందని చూపించారు. వాములో థైమాల్ పక్కన పారా-సైమీన్ పెద్ద మొత్తంలోనే ఉంటుంది కనుక అటువంటి సహకారం ఉండవచ్చునని ఊహించడం న్యాయమే.

అయితే ఊహను ఊహగానే వదలకూడదు. తుంగభద్ర_తీరం గారు శుద్ధ థైమాల్‌ను, పూర్తి నూనెను, నూనెలో ఉన్న నిష్పత్తిలో థైమాల్, పారా-సైమీన్ కలిపిన మిశ్రమాన్ని ఒకే పలకలో పరీక్షిస్తే సమాధానం వారి చేతిలోనే ఉంటుంది. నా అంచనా చెప్పమంటే, వాములో ఎక్కువ భాగం పని థైమాల్‌దేనని తేలుతుంది, మిగిలినవి కొంత తోడ్పడతాయి. మొత్తం కలిసి పనిచేస్తుందనే మాటను కొలవకుండానే ప్రతి నూనెకూ అంటించడం మాత్రం నాకు నచ్చదు, ఎందుకంటే కొన్ని మిశ్రమాలలో ఒక పదార్థం మరొకదాని పనిని తగ్గించడం కూడా కనిపిస్తుంది.

పాత_క్రోమటోగ్రాఫర్

అమృతధార ద్రవమవడం రసాయన చర్య కాదు. థైమాల్ సుమారు 50 డిగ్రీల దగ్గర, మెంథాల్ (పుదీనా పువ్వు) సుమారు 43 దగ్గర, కర్పూరం సుమారు 175 దగ్గర కరుగుతాయి. కలిపినప్పుడు ఒకదాని స్ఫటికాల అమరికను మరొకటి చెదరగొట్టి, మిశ్రమం కరిగే ఉష్ణోగ్రతను గది ఉష్ణోగ్రత కంటే కిందకు దించుతాయి. మూడు పదార్థాలూ విడివిడిగా ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. బాక్టీరియా విషయంలో ఈ మూడింటిలో థైమాల్‌దే పైచేయి.

హైదరాబాదులో 1920 నుంచి తయారవుతున్న జిందా తిలిస్మాత్‌లో కూడా నీలగిరి తైలం, కర్పూరం, మెంథాల్‌తో పాటు థైమాల్ ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశపు వాము గింజలు జర్మనీకి ఓడలలో వెళ్ళి అక్కడ థైమాల్‌గా మారేవి. ఇప్పుడు లోకంలో వాడే థైమాల్‌లో పెద్ద భాగం పెట్రోలియం మూలం ఉన్న మెటా-క్రెసాల్ నుంచి కర్మాగారాలలో తయారవుతుంది. అందువల్ల బజారులో కొన్న వాము నూనెను పరీక్షలకు వాడకూడదు. నూనెను క్షార ద్రావణంతో కలిపి థైమాల్‌ను విడదీసి, మిగిలిన టెర్పీన్ల భాగాన్ని థైమీన్ అనే పేరుతో వేరుగా అమ్ముతారు. ఆ మిగులుకు వాము వాసన వస్తూనే ఉంటుంది గాని బాక్టీరియాను ఆపే భాగం అందులో పోయింది. ఆ మిగులులో కృత్రిమ థైమాల్ కలిపితే జీసీ-ఎంఎస్ కూడా తేలికగా పట్టుకోలేదు. పెట్రోలియం మూలం ఉన్న అణువులలో రేడియోధార్మిక కర్బనం ఉండదు కనుక కర్బనం-14 పరీక్ష గట్టిగా చెప్పగలదు.

నిమ్మగడ్డి_రైతు

మాది నిమ్మగడ్డి సాగు, పొలంలోనే ఆవిరి బట్టీ పెట్టుకున్నాము. మా నూనె ధర సిట్రాల్ శాతం మీద ఆధారపడి ఉంటుంది. 75 శాతం దాటితే వ్యాపారి మారు మాట్లాడడు. అదే నూనెను కొన్ని నెలలు సగం నిండిన డబ్బాలో ఉంచితే శాతం పడిపోతుంది. బాక్టీరియాను చంపే గుణం కూడా అలాగే పడిపోతుందా? ఇంకా, తులసి నూనె కొనేవారు ఏ తులసి అని గుచ్చి గుచ్చి ఎందుకు అడుగుతారో కూడా ఎవరైనా చెప్పగలరా?

పాత_క్రోమటోగ్రాఫర్

సిట్రాల్ అంటే జెరానియల్, నెరల్ అనే రెండు ఆల్డిహైడ్ల జంట. ఆల్డిహైడ్లు గాలిలోని ప్రాణవాయువుతోను, వెలుతురుతోను త్వరగా మారిపోతాయి. సగం ఖాళీ డబ్బాలో గాలి ఎక్కువగా ఉండడమే మీ నష్టానికి మూలం. నిండా పోసిన ముదురు రంగు సీసాలలో గాని, అల్యూమినియం డబ్బాలలో గాని, చల్లని చోట ఉంచండి. సిట్రాల్ తగ్గితే దానితో పాటు బాక్టీరియా మీద ప్రభావం కూడా తగ్గుతుంది. పాతబడిన నూనెలతో మరొక చిక్కు ఉంది. టీ-ట్రీ అనే ఆస్ట్రేలియా చెట్టు నూనె గాలి తగిలి పాతబడితే చర్మానికి దద్దురు తెచ్చే పెరాక్సైడ్లు అందులో పుడతాయి, పారా-సైమీన్ పెరుగుతుంది. అందుకే ఆ నూనెకు అంతర్జాతీయ ప్రమాణాలలో టెర్పినెన్-4-ఓల్ ఎంత ఉండాలో మాత్రమే గాక పారా-సైమీన్ ఎంతకు మించకూడదో కూడా నిర్ణయించారు.

తులసి మాట. కృష్ణ తులసి నూనెలో యూజినాల్ ప్రధానంగా ఉండేవి ఉన్నాయి, దాని మిథైల్ రూపమైన మిథైల్ యూజినాల్ ప్రధానంగా ఉండేవీ ఉన్నాయి. రెండూ చూడడానికి తులసే. యూజినాల్‌లో ఉన్న స్వేచ్ఛా హైడ్రాక్సిల్ మిథైల్ యూజినాల్‌లో మూసుకుపోతుంది కనుక బాక్టీరియా మీద దాని ప్రభావం తగ్గుతుంది. పైగా అది ఎలుకలలో క్యాన్సర్ కలిగించిందని తేలడంతో ఐరోపాలో దాని వాడకంపై పరిమితులు పెట్టారు. కర్పూర తులసి నూనెలో కర్పూరమే ఎక్కువ. "తులసి నూనె బాక్టీరియాను చంపుతుంది" అనే వాక్యం మొక్క శాస్త్రీయ నామం, విశ్లేషణ పక్కన లేకపోతే దేని గురించి చెబుతున్నదో తెలియదు. ఇందులో నాకు రాజీ లేదు. వేప నూనెను కూడా ఈ జాబితాలో కలిపేవారు ఉన్నారు; అది గింజలు పిండి తీసే స్థిర (ఆవిరి కాని) తైలం, ఓలిక్ వంటి కొవ్వు ఆమ్లాలతో కూడినది, దాని సంగతి పూర్తిగా వేరు.

మందులకొట్టు

ఇరవై మంది చదివితే ఇద్దరైనా లోపలికి తీసుకోవడానికి సిద్ధపడతారు కనుక ఒక హెచ్చరిక రాయక తప్పదు. కర్పూర తైలం గాని నీలగిరి తైలం గాని కొద్ది మిల్లీలీటర్లు మింగిన పసిపిల్లలకు మూర్ఛలు వచ్చిన ఉదంతాలు వైద్య గ్రంథాలలో నమోదయి ఉన్నాయి. థైమాల్‌ను ఒకప్పుడు కొంకిపురుగులకు పెద్ద మోతాదులో మింగించేవారు. 1909లో అమెరికాలో ఏర్పడిన రాక్‌ఫెల్లర్ శానిటరీ కమిషన్ దక్షిణ రాష్ట్రాలలో అదే మందును పంచింది. అది విషమించిన సందర్భాలు ఉండడం వల్ల, అంతకంటే మంచి మందులు రావడంతో దానిని వదిలేశారు.

గాజు గొట్టంలో చనిపోయిన బాక్టీరియా రోగిలో చనిపోతుందా అన్నదే నా ప్రశ్న. ఎవరైనా మనుషులపై పరీక్షించారా?

అగర్_పళ్ళెం

చర్మం మీద వాడకానికి సంబంధించి టీ-ట్రీ నూనె మీద జరిగినవి ఉన్నాయి. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మొటిమల రోగులపై 5 శాతం టీ-ట్రీ జెల్‌ను బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మామూలు మొటిమల మందుతో పోల్చారు. రెండూ పనిచేశాయి, నూనె నెమ్మదిగా పనిచేసింది, మంట తక్కువగా పుట్టించింది. 2004లో ఇంగ్లండ్ నుంచి వెలువడిన మరో అధ్యయనంలో, మందులకు లొంగని స్టెఫైలోకాకస్‌ను ఒంటి మీద మోస్తున్న 224 మందిలో టీ-ట్రీ విధానంతో 41 శాతం మందికి, మ్యుపిరోసిన్ అనే పూత యాంటీబయాటిక్‌తో కూడిన మామూలు విధానంతో 49 శాతం మందికి అది తొలగిపోయింది. ముక్కులో మాత్రం మ్యుపిరోసిన్ స్పష్టంగా మెరుగైనది. ఇవి పెద్ద విజయాలు కావు, కొట్టిపారేయవలసినవీ కావు.

రక్తంలోకి చేరి పనిచేయడం మాత్రం వేరే విషయం. ఈ నూనెలు బాక్టీరియాను ఆపే సాంద్రత మిల్లీలీటరుకు వందల మైక్రోగ్రాములలో ఉంటుంది, సిప్రోఫ్లాక్సాసిన్ అదే పనిని ఒక మైక్రోగ్రాము కంటే తక్కువలో చేస్తుంది. థైమాల్‌ను అంత స్థాయిలో రక్తంలో నిలబెట్టడం సాధ్యం కాదు, కాలేయం దానిని వెంటనే సల్ఫేటుగా, గ్లూకురోనైడుగా మార్చి బయటకు పంపుతుంది. అందుకే నోరు పుక్కిలించే ద్రవాలలో, నేల తుడిచే క్రిమినాశకాలలో, తేనెటీగల పెట్టెలలో వరోవా పురుగు మీద థైమాల్‌కు చోటు దొరికింది గాని న్యుమోనియా మాత్రలలో దొరకలేదు.

తుంగభద్ర_తీరం

అందరికీ ధన్యవాదాలు. నూనెను శీతల పెట్టెలో ఉంచగా తెల్లని స్ఫటికాలు కట్టాయి. ధారణ సూచికల కోసం ప్రయోగశాలకు రాశాను. సిప్రోఫ్లాక్సాసిన్‌తో పోలికను ముగింపు నుంచి తీసివేసి, అగర్_పళ్ళెం గారు చెప్పిన పద్ధతిలో పలక పరీక్షను మూడు రకాల నమూనాలతో చేస్తాను. చివరిగా ఒక సందేహం: నూనె వేరు చేసిన తరువాత మిగిలే వాము నీటిని పారబోస్తున్నాను. దానికి కూడా ఘాటైన వాసన ఉంది. దానిని పరీక్షించడంలో ప్రయోజనం ఉంటుందా?

నిమ్మగడ్డి_రైతు

పారబోయవద్దమ్మా. మందుల కొట్లలో పిల్లల కడుపు ఉబ్బరానికి ఓమ వాటర్ అని అమ్మేది ఆ నీరే కదా.

పాత_క్రోమటోగ్రాఫర్

తప్పక పరీక్షించండి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 0.9 గ్రాముల థైమాల్ కరుగుతుంది. నూనెతో తాకుతూ వచ్చిన మీ నీటిలో థైమాల్ ఆ హద్దు కంటే కొంత తక్కువగానే ఉంటుంది, ఎందుకంటే అందులో కొంత భాగం నూనె వైపే మొగ్గుతుంది. అయినా మిల్లీలీటరుకు కొన్ని వందల మైక్రోగ్రాములు ఉన్నా అది అగర్_పళ్ళెం గారు చెప్పిన నిరోధక సాంద్రతకు దగ్గరగానే ఉంటుంది. గామా-టెర్పినీన్, పారా-సైమీన్ నీటిలోకి దాదాపు రావు కనుక ఇది ఒక విధంగా టెర్పీన్లు తీసివేసిన థైమాల్ ద్రావణమే, ట్వీన్ అవసరం లేకుండా నేరుగా పలకలో వాడవచ్చును. హెక్సేన్‌తో మూడుసార్లు కడిగి, ఆ హెక్సేన్‌ను జీసీలో నడిపి థైమాల్ పరిమాణాన్ని ముందుగా కొలవండి. క్లెవెంజర్‌లో నీరు పైనుంచి తిరిగి మరుగుతున్న కుప్పెలోకే పోతుంది కనుక, కుప్పెలో గింజల పొడితో మిగిలిన నీటిని కాక, పక్క గొట్టంలో నూనె కింద నిలిచిన నీటిని మాత్రమే తీసుకోవాలి.